పురుగుమందు డబ్బా మీద ఎరుపా, ఆకుపచ్చా?

పురుగుమందు డబ్బా మీద మూల మీద నిలబెట్టిన చతురస్రం ఒకటి ఉంటుంది. దాని కింది సగం రంగు చూడండి. ఎరుపైతే పై సగంలో పుర్రె బొమ్మ, 'పాయిజన్' అన్న మాట ఉంటాయి. ఆకుపచ్చైతే 'కాషన్' అని ఊరుకుంటారు.

తేడా అంతా ప్రయోగంలో సగం ఎలుకలు చచ్చిపోయే మోతాదులో ఉంది. దాన్నే ఎల్‌డీ50 అంటారు. నోటి ద్వారా ఇస్తే, కిలో బరువుకు 50 మిల్లీగ్రాముల లోపే ఆ పని జరిగితే ఎరుపు. 5,000 దాటితే ఆకుపచ్చ. మధ్యలో పసుపు, నీలం. మోనోక్రోటోఫాస్ అనే పురుగుమందుది ఎరుపు. ఇదే లెక్క వేస్తే మన వంటింటి ఉప్పు, సుమారు 3,000తో, నీలంలో పడుతుంది!

రెండూ ఒకే పురుగుకు పనిచేసేవైతే, పిచికారీ చేసే మనిషికి ఆకుపచ్చే మేలు. మూత తీస్తుంటే చేతి మీద ఒలికిందనుకోండి, ఎరుపుతో వచ్చే టెన్షన్ వేరు.

కానీ ఆ రంగు చెప్పేది ఒక్కసారిగా ఒంట్లోకి పోతే ఏమవుతుందన్నదే. ఏళ్ల తరబడి కూరగాయలతో కొంచెం కొంచెంగా తింటే ఏమవుతుందో దానికి తెలియదు. అందుకు ఎలుకలకు రెండేళ్లపాటు మేతలో కలిపి పెడతారు. ఏ హానీ కనిపించని మోతాదును పట్టుకుని, మామూలుగా 100తో భాగిస్తారు. మనిషి రోజూ తిన్నా పరవాలేదనే హద్దు అలా వస్తుంది. ఆ రంగులో మాత్రం అది కనిపించదు.