గుర్రపుశాలా, పాడి కొట్టమా?

పశువైద్యం చదవాలనుకునే పిల్లలు సెలవుల్లో పని నేర్చుకోవడానికి ఎక్కడికి వెళ్లాలి?

ఖర్చు: స్వారీ నేర్పే చోట్లు ఎక్కువగా నగరాల్లోనే ఉంటాయి. పాడి కొట్టం ఊళ్లోనే దొరుకుతుంది.

శ్రమ: అక్కడ లద్దె, ఇక్కడ పేడ, రెండూ ఎత్తాల్సిందే. గుర్రానికి రోజూ గిట్టల అడుగున ఇరుక్కున్న మట్టి, రాళ్లు తీయాలి. కాలు ఎత్తి పట్టుకోగానే కొన్ని గుర్రాలు బరువంతా మన మీదే వాలుస్తాయి. పాడి దగ్గరైతే తెల్లవారకముందే పాలు పితకాలి.

ప్రమాదం: గుర్రం వెనక్కి తన్నుతుంది, ఆవు కాలు పక్కకూ విసురుతుంది. గుర్రానికి వాంతి చేసుకోవడం చేతకాదు, అందుకే కడుపునొప్పి వస్తే ప్రాణాల మీదకు తెస్తుంది. కాబట్టి దాని దాణా మీ అంతట మీరు మార్చకండి. ఆవు ఈసుకుపోతే, అంటే నెలలు నిండకముందే దూడ పడిపోతే, ఆ దూడనూ మాయనూ ఉత్త చేతులతో ముట్టుకోకండి, పశువుల నుంచి మనుషులకు అంటే బ్రుసెల్లోసిస్ అనే జబ్బు సోకవచ్చు. ధనుర్వాతం టీకా ఎక్కడికి వెళ్లినా తప్పనిసరి.

పల్లెల్లో వైద్యం చేయాలనుకునేవారికి నేను పాడి కొట్టమే చెబుతాను. పోలీసు గుర్రాల మీదో, పందెపు గుర్రాల మీదో మనసున్నవారికి గుర్రపుశాల.