కొత్తవాడ జంపఖానా అన్నారు, సూరత్ నుంచి వచ్చింది: జాగ్రత్త

"తాతల నాటి మగ్గం మూతపడుతోంది, మిగిలిన సరుకు సగం ధరకే" అనే యాడ్ మీ ఫోన్‌లోకి వస్తే కాసేపు ఆగండి. అందులో వరంగల్ పేరుంటే ఇంకాసేపు ఆగండి. నేను ఆగలేదు. 1,798 రూపాయలు పోయాయి.

మాది హనుమకొండ. మా ఇంటి నుంచి వరంగల్‌లో జంపఖానాలు నేసే కొత్తవాడకు బండి మీద అరగంట కూడా పట్టదు. అలాంటిది జంపఖానా ఆన్‌లైన్‌లో కొన్నానంటే నవ్వుతారని తెలుసు. మా అత్తమ్మ ఇప్పటికే మీ అందరి తరఫున నవ్వేసింది. మే నెల, బయట నిప్పులు కురుస్తున్నాయి. బెంగళూరు నుంచి ఆడబిడ్డ పిల్లలతో వస్తోంది, హాల్లో కింద పరవడానికి రెండు జంపఖానాలు కావాలి. రాత్రి పదకొండింటికి ఫోన్ తిప్పుతుంటే ఈ యాడ్ వచ్చింది. ఒక ముసలాయన మగ్గం ముందు కూర్చున్నాడు, పక్కన ముసలామె కండెలు చుడుతోంది. "34 ఏళ్లుగా కొత్తవాడలో గుంట మగ్గం మీద నేస్తున్నాం, ఇక ఓపిక లేదు, ఇవే ఆఖరి 40" అని కింద రాసుంది. నాలుగడుగుల వెడల్పు, ఆరడుగుల పొడవు, ఒక్కోటి 899. డెలివరీ ఫ్రీ, వరంగల్ నుంచే పంపిస్తారట. అయ్యో పాపం అనిపించింది. మా ఆయన్ని కూడా అడక్కుండా యూపీఐ కొట్టేశాను.

మూడో రోజు ట్రాకింగ్ నంబర్ వచ్చింది. తెరిస్తే మొదటి లైన్‌లోనే పికప్ సూరత్ అని ఉంది. కొరియర్ వాళ్ల పొరపాటేమో అనుకున్నా. మర్నాడు హైదరాబాద్‌లో దిగింది, ఆ తర్వాత వరంగల్ హబ్. అంటే పక్క వాడలోంచి రావాల్సిన జంపఖానా వెయ్యి కిలోమీటర్లకు అటూ ఇటూగా తిరిగి మా గుమ్మం ఎక్కిందన్నమాట. వాట్సాప్‌లో అడిగితే, నేత వరంగల్‌దే మేడమ్, గోడౌన్ మాత్రం అక్కడుంది అన్నారు. నమ్మాను. ఎందుకంటే అది నిజం కూడా కావొచ్చు. చాలామంది నిజమైన అమ్మకందారులు కూడా సరుకును వేరే ఊరి గోడౌన్లలో పెట్టి పంపిస్తారు. ఊరు మారినంత మాత్రాన మోసం కాదు. సూరత్ మీద కూడా నాకే కోపం లేదు, మన బీరువాల్లో సగం చీరలు అక్కడివే. మగ్గం దగ్గరే ఉన్నాం, ఇక్కడి నుంచే కట్టి పంపిస్తున్నాం అని రాసినవాడికి గోడౌన్ ఎక్కడిదన్నదే నా ప్రశ్న.

పార్సిల్ చేతిలోకి రాగానే అనుమానమొచ్చింది. రెండు జంపఖానాలంటే ఎత్తడానికి రెండు చేతులూ కావాలి. ఇది చీర కవరంత ఉంది. పైన తెల్ల స్టిక్కర్ మీద కొత్తవాడ, వరంగల్ అని అడ్రస్. ఒక మూల గోటితో లేపితే కింద ఇంకో లేబుల్, ఇంకో కంపెనీ పేరు. లోపల బిల్లు మడిచి పెట్టారు. దాని మీద జీఎస్టీ నంబర్ 24తో మొదలైంది. ఆ నంబర్‌లో మొదటి రెండంకెలు రాష్ట్రం కోడ్. తెలంగాణది 36, ఆంధ్రప్రదేశ్‌ది 37, గుజరాత్‌ది 24. ఈ సంగతి నాకు ముందే తెలుసు, మా ఆఫీసులో రోజూ బిల్లులు చూసేదాన్ని. తెలిసి ఏం లాభం, డబ్బు పోయాక గుర్తొచ్చింది.

అసలు పరీక్ష కొత్తవాడలో జరిగింది. మా అత్తమ్మ ఎప్పుడూ కొనే నేతన్న దగ్గరికి పట్టుకెళ్లాం. ఆయన ఏమీ మాట్లాడకుండా ముందు దాన్ని తిరగేశాడు. వెనక తెల్లగా ఉంది. "నేసిన రంగు రెండు దిక్కుల ఉంటది బిడ్డా. గిది అచ్చేసింది" అన్నాడు. అంచు నుంచి ఒక పోగు లాగి అగ్గిపుల్ల గీశాడు. పోగు ముడుచుకుపోయి, చివర నల్లగా పూసలా గట్టిపడింది. తర్వాత తన మగ్గం మీది నూలు పోగు అంటించాడు. అది కాగితం కాలిన వాసనతో కాలిపోయి, వేళ్ల మధ్య నలిపితే బూడిదైంది. మొదటిది పాలిస్టర్ అని ఇక ఎవరూ చెప్పక్కర్లేదు.

తర్వాత ఆ ఫోటో చూపించమన్నాడు. ఫోన్ దగ్గరగా పట్టుకుని చాలాసేపు చూశాడు. "గీయన ఎవ్వలు? నాకైతే తెల్వదు. సరే, గీ పడుగు యాడికి పోతాంది చూడు" అన్నాడు. చూస్తే పడుగు దారాలు, అంటే పొడవునా కట్టే పోగులు, మగ్గం దాకా రాకుండా మధ్యలో గాలిలోనే ఆగిపోయాయి. "గుంట మగ్గమన్నడు గదా, మరి గుంటేది? కాళ్లు యాడ వెట్టిండు?" ముసలాయన కాళ్లు నేల మీద మడిచి ఉన్నాయి. పక్కనున్న ముసలామె చేతికి ఆరు వేళ్లు. నేను పెద్దది చేసి చూస్తే వెనక బోర్డు మీద ఉన్నవి తెలుగు అక్షరాల్లా కనిపించే గీతలు, ఒక్కటీ అక్షరం కాదు. మొత్తం ఏఐ బొమ్మ. ఆ రాత్రి దాన్ని చూసే నేను అయ్యో పాపం అనుకుంది.

ఇంటికొచ్చి ఆ పేజీ మళ్లీ మొదటి నుంచి చదివా. ఆ రోజే చదవాల్సింది. మొత్తం దుర్రీ, దుర్రీ అని రాశారు. కొత్తవాడలో పుట్టినవాడు జంపఖానా అంటాడు, షత్రంజి అంటాడు, లేదా దర్రీ అంటాడు, దుర్రీ మాత్రం అనడు. టేబుల్ మీద పరిచే రన్నర్‌ను "బల్ల పరుగెత్తేవాడు" అని రాశారు. ఇది చదివి కూడా డబ్బు కట్టాను చూడండి! అడ్రస్ చివర పిన్ కోడ్ 500తో మొదలైంది, అది హైదరాబాద్ వైపుది. వరంగల్, హనుమకొండ పిన్‌లు 506తో మొదలవుతాయి. మన ఊరి పేరు వాడుకునేవాడు మన పిన్ కోడ్ కూడా చూసుకోలేదు.

జీఐ ముద్ర, అంటే ఫలానా ఊరి సరుకని చెప్పే భౌగోళిక గుర్తింపు బొమ్మ కూడా పెట్టారు. వరంగల్ దర్రీలకు 2018లో ఆ గుర్తింపు వచ్చింది, ఆ పేరుకు విలువ పెరిగింది. ఆ గుర్తును అధీకృత వినియోగదారులుగా నమోదైనవాళ్లే వాడాలి. కానీ బొమ్మ కాపీ చేసి సైట్‌లో అతికించడానికి నిమిషం చాలు. అందుకే ముద్ర కనిపించగానే మురిసిపోకుండా, ఏ సంఘం, ఎవరి పేరు మీద అని అడగండి. వీళ్లను ఇప్పుడు అడిగితే జవాబు లేదు.

వెబ్‌సైట్ పేరు ఎప్పుడు రిజిస్టర్ అయిందో హూఈజ్ అని వెతికితే ఉచితంగానే కనిపిస్తుంది. 34 ఏళ్ల మగ్గానికి 23 రోజుల వెబ్‌సైట్. ముసలాయన మొన్ననే సైట్ పెట్టుకున్నాడేమో అంటారా, పెట్టుకోవచ్చు. కానీ అదే పేజీలో 12,000 మంది కస్టమర్లున్నారని కూడా రాశారు. జీఎస్టీ నంబర్ లేకపోవడం కూడా తప్పు కాదు, చిన్న నేతగాళ్లకు చాలామందికి ఉండదు. ఉన్నప్పుడు మాత్రం జీఎస్టీ పోర్టల్‌లో లాగిన్ లేకుండానే వెతకొచ్చు. ఎవరి పేరు మీద ఉంది, ఎప్పుడు తీసుకున్నారు, అన్నీ వస్తాయి. కొనేముందు ఆ నంబర్ అడగండి. ఉందని చెప్పి ఇవ్వడానికి నసిగితే అక్కడే వదిలేయండి.

కరీంనగర్‌లో మా తమ్ముడిది ఇంకో రకం. ఇండియా స్టాక్ అని చెబితే బూట్లు ఆర్డర్ పెట్టాడు. వారమైంది, రెండు వారాలైంది, కదలదు. ట్రాకింగ్ నంబర్ చూపిస్తే చివరి రెండక్షరాలు సీఎన్. పోస్టు ద్వారా దేశాలు దాటి వచ్చే పార్సిల్ నంబర్ చివర్లో పంపిన దేశం కోడ్ ఉంటుంది. ఐఎన్ అంటే మనది, సీఎన్ అంటే చైనా. అలాగే 890తో మొదలయ్యే బార్‌కోడ్ చూసి ఇండియాలోనే తయారైందనుకోవద్దు. కంపెనీ బార్‌కోడ్ నంబర్లిచ్చే సంస్థ జీఎస్1 దగ్గర ఇక్కడ నంబర్ తీసుకుందని మాత్రమే దానర్థం.

ఇక రిఫండ్. ముందు వంద ఇస్తాం, సరుకు ఉంచుకోండి అన్నారు. ఒప్పుకోకపోతే రెండొందలు, తర్వాత మూడొందలు, కూరగాయల బేరంలా సాగింది. వాపస్ పంపిస్తానంటే కొరియర్ ఖర్చు మీదే అన్నారు, అడ్రస్ మాత్రం చెప్పలేదు. ఇలా విసిగిస్తే ఎంతో కొంత తీసుకుని ఊరుకుంటారని వాళ్ల లెక్క. నాలుగో రోజు నంబర్ బ్లాక్ చేశారు. 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు రాయించాను. అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్, తెలుగులో మాట్లాడొచ్చు. 2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఫిర్యాదు అందిందని అమ్మినవాళ్లు 48 గంటల్లో చెప్పాలి, నెలలో తేల్చాలి. దుకాణమే దొంగదైతే ఎవరు చెబుతారు? డబ్బు కొట్టేసి మాయమైనవాళ్లయితే ఆలస్యం చేయకుండా సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి చేయండి, ఎంత తొందరగా చేస్తే అంత మంచిది. వినియోగదారుల కమిషన్‌లో కేసు మనం ఉండే జిల్లాలోనే వేయొచ్చు, ఐదు లక్షల లోపు కొనుగోలుకు ఫీజు లేదు. నేనైతే అంత దూరం వెళ్లలేదు.

స్క్రీన్‌షాట్లు మాత్రం ఆర్డర్ పెట్టిన రోజే తీసుకోండి, వరంగల్ నుంచి పంపిస్తాం అన్న లైన్‌తో సహా. నేను ఫిర్యాదు రాయించే సమయానికి ఆ లైన్ తీసేశారు. క్రెడిట్ కార్డుతో కొంటే బ్యాంకులో చార్జ్‌బ్యాక్, అంటే కట్టిన డబ్బు వెనక్కి ఇప్పించమని అడగొచ్చు, యూపీఐలో ఒకసారి పంపిన డబ్బు మనంతట మనం వెనక్కి లాక్కోలేం. క్యాష్ ఆన్ డెలివరీ ఉందిగా అనే ధైర్యం కూడా వద్దు. చాలాచోట్ల డబ్బు చేతిలో పెట్టాకే ప్యాకెట్ విప్పనిస్తారు, తెచ్చిన అబ్బాయికి లోపల ఏముందో తెలియదు.

ఆడబిడ్డ వచ్చే ముందు రోజు కొత్తవాడ నేతన్న దగ్గరే రెండు జంపఖానాలు కొన్నాం. వాటిని బండి మీద నేను వెనక పట్టుకుని కూర్చున్నా, కాజీపేటలో రైలు దిగినప్పటి నుంచి పిల్లలు వాటి మీదే దొర్లుతున్నారు. సూరత్ సరుకు స్కూటర్ తుడవడానికి పనికొచ్చింది, అదీ నీళ్లు పీల్చదు.

మొన్న రాత్రి మళ్లీ ఒక యాడ్ వచ్చింది. కరీంనగర్ వెండి ఫిలిగ్రీ (సన్న వెండి తీగల పని), మా నాన్న దుకాణం మూసేస్తున్నాం, ఆఖరి 40. అదే ముసలాయన. ఈసారి చేతిలో నేత నాడె బదులు పట్టకారు పెట్టారు. పక్కన అదే ముసలామె. వేళ్లు మాత్రం ఐదే ఉన్నాయి, సరిచేసినట్టున్నారు.