పొడుగు పైలట్ల కోసం ‘ఎత్తు క్యానపీ’ అంటున్నారా? అడ్వాన్స్ కట్టే ముందు ఇది చదవండి

ఆర్‌వి-4 (సొంతంగా కట్టుకునే రెండు సీట్ల చిన్న విమానం) కొన్నవాళ్లూ, సెకండ్ హ్యాండ్‌లో కొందామని చూస్తున్నవాళ్లూ, అందులోనూ ఆరడుగులు దాటినవాళ్లూ కాస్త ఆగండి. మామూలు బబుల్ (క్యానపీకి, అంటే కాక్‌పిట్ మీది పారదర్శక మూతకి వాడే యాక్రిలిక్ ప్లాస్టిక్ గోపురం) కంటే మూడంగుళాలు ఎత్తు, పాత ఫ్రేమ్‌కే బిగుస్తుంది అని చెప్పి ఇక్కడ అమెరికాలో ఒక షాపు క్యానపీలు అమ్ముతోంది. దానికి డబ్బు కట్టొద్దు. గొడవ ఇంకా క్రెడిట్ కార్డు కంపెనీ దగ్గర నడుస్తోంది కాబట్టి షాపు పేరు రాయడం లేదు. పేరు తెలియకపోయినా నష్టం లేదు. వాళ్లు ఏం చేశారో తెలిస్తే ఇలాంటి సరుకు ఎవరు అమ్మినా పట్టేసుకోవచ్చు.

నేను ఆరడుగుల మూడంగుళాలు. టెక్సస్‌లో ఒకాయన సొంతంగా కట్టుకున్న ఆర్‌వి-4 ఆయన దగ్గరే కొన్నాను. విమానం బంగారం, కానీ ముందు సీట్లో హెడ్‌సెట్ పెట్టుకుని కూర్చుంటే దాని పట్టీ క్యానపీకి రాసుకుంటుంది. ఎండపూట గాలి కుదుపుల్లో టక్కుటక్కుమని కొడుతూనే ఉంటుంది. అందుకే ఆ బబుల్ ఆర్డర్ పెట్టాను.

మొదట ఆ మూడంగుళాల సంగతి చెప్తాను. వాళ్లు చెప్పింది అబద్ధం కాదు. బబుల్ శిఖరం దగ్గర కొలిస్తే మూడంగుళాలు నిజంగానే ఎక్కువుంది. కానీ ఆ శిఖరం ఎక్కడుంది? వేడి చేసిన యాక్రిలిక్ షీటును అచ్చు లేకుండా గాలితో ఊదితే మధ్యభాగమే ఎక్కువ లేస్తుంది. ఆర్‌వి-4లో సీట్లు ఒకదాని వెనక ఒకటి. ఆ మధ్యభాగం వచ్చేది పైలట్ నెత్తి మీదికి కాదు, పైలట్‌కీ వెనక కూర్చున్నవాళ్లకీ మధ్యలోకి. నా తల ఉండే చోట దక్కింది అంగుళం చిల్లర. పైగా ఈ విమానంలో ముందు అద్దమూ, తెరుచుకునే క్యానపీ కూడా ఒకే బబుల్‌లోంచి కోసుకోవాలి. ఎత్తు మారితే ముందు అద్దం వాలు కూడా మారుతుంది. అప్పుడు పాత ఫ్రేమ్ వంపు సరిపోదు, ముందున్న ఫెయిరింగ్ (అద్దం అంచు అతుకుని కప్పే తొడుగు) కూడా సరిపోదు. ‘పాత ఫ్రేమ్‌కే బిగుస్తుంది’ అన్న మాట అక్కడితో సరి. కాబట్టి ఎంత ఎత్తు అని అడక్కండి. ఫలానా చోట, అంటే మీ తల ఉండే చోట, ఎంత ఎత్తు అని అడిగి కొలత రాతపూర్వకంగా తీసుకోండి.

రెండోది మందం. అసలు భయపడాల్సింది దీనికే. ఊదేకొద్దీ షీటు సాగుతుంది, సాగినచోట పల్చబడుతుంది. ఎత్తు పెంచారంటే శిఖరం దగ్గర మరీ పల్చబడుతుంది. ‘ఎక్కడా 4.5 మిల్లీమీటర్లకు తగ్గదు’ అని ఇన్‌వాయిస్ మీదే రాశారు. చేత్తో నొక్కితే మధ్యలో వంగుతోంది, అనుమానమొచ్చి ఫోన్ చేస్తే గేజ్‌తో కొలుస్తున్న ఫొటో పంపారు. స్క్రీన్ మీద 4.6. అదే స్క్రీన్ మీద, కింద మూలన చిన్న అంకెల్లో 5,900 అని ఉంది. అల్ట్రాసానిక్ గేజ్ (ధ్వని తరంగాలతో మందం కొలిచే పరికరం) వాడినవాళ్లకు ఈపాటికి అర్థమయ్యే ఉంటుంది. 5,900 మీటర్లంటే స్టీల్‌లో ధ్వని సెకనుకు వెళ్లే వేగం. యాక్రిలిక్‌లో అది దాదాపు 2,700 మాత్రమే. స్టీల్ సెట్టింగ్‌లో పెట్టి యాక్రిలిక్‌ని కొలిస్తే ఉన్న మందం రెండింతలకు పైగా కనిపిస్తుంది. మా ఈఏఏ (సొంతంగా విమానాలు కట్టుకునేవాళ్ల సంఘం) చాప్టర్‌లో టెక్నికల్ కౌన్సెలర్‌గా ఉన్న పెద్దాయన సెట్టింగ్ సరిచేసి నా కళ్ల ముందే కొలిచారు. శిఖరం దగ్గర 2.1. తెలియక చేశారో, తెలిసే చేశారో ఆ దేవుడికే ఎరుక. పైన పటారం, లోన లొటారం.

రెండు మిల్లీమీటర్లయితే ఏమవుతుందంటారా? గంటకు 180 మైళ్ల వేగంలో గాలి డైనమిక్ ప్రెషర్ (ఎదురుగాలి ఒత్తిడి) చదరపు అడుక్కి 80 పౌండ్లు దాటుతుంది. ఉబ్బుగా ఉన్న క్యానపీని ఆ గాలి కిందికి నొక్కదు, పైకి లాగుతుంది. బబుల్ ఎంత ఉబ్బితే లాగుడు అంత ఎక్కువ. అది హింజిల మీదా, లాచ్ మీదా పడుతుంది. క్యానపీ గాల్లో ఊడిందంటే పోయేది అద్దమొక్కటే కాదు, వెనక్కి ఎగిరి తోకను కొట్టిందంటే ఇక చెప్పేదేముంది.

దీనికి తోడు, ఊదాక ఓవెన్‌లో మెల్లగా చల్లార్చి లోపలి ఒత్తిడి తీసేయాలి. అనీలింగ్ చేశారా అని అడిగితే ‘మా పద్ధతిలో అవసరం లేదు’ అన్నారు. ఆ మాట వినగానే ఫోన్ పెట్టేయండి. ఒత్తిడి అలాగే ఉండిపోయిన యాక్రిలిక్‌కి రంధ్రం వేస్తే దాని అంచు నుంచే పగులు మొదలవుతుంది. లాప్‌టాప్ తెర మీద తెల్ల పేజీ పెట్టి, బబుల్‌ని దాని ముందుంచి, పోలరైజ్డ్ చలవ కళ్లద్దాలతో చూడండి. చారలు గుమిగూడిన చోట ఒత్తిడి ఉన్నట్టు. పాలికార్బొనేట్‌లో కనిపించినంత రంగులు యాక్రిలిక్‌లో కనిపించవు గానీ, నా బబుల్‌లో అంచుల దగ్గర బాగానే కనిపించాయి.

ఇక వాపసు. ‘కోత పెట్టాక రిటర్న్ లేదు’ అన్నది వాళ్ల షరతు. చూడ్డానికి న్యాయంగానే ఉంది. కానీ అంచులు కోయకుండా బబుల్ ఫ్రేమ్ మీద కూర్చోదు, కూర్చుంటే గానీ సరిపోయిందో లేదో తెలియదు. అందుకే కోత జోలికి పోకుండా ముందు కొలవగలిగినవన్నీ కొలవండి: మందం, తల దగ్గర ఎత్తు, అవతల గళ్ల కాగితం పెట్టి చూస్తే గీతలు వంకర పోతున్నాయా లేదా. డెలివరీ రసీదు మీద సంతకం పెట్టే ముందే పెట్టె విప్పించండి. డబ్బు క్రెడిట్ కార్డుతోనే కట్టండి. చెక్కు ఇస్తే డిస్కౌంట్ అంటారు, ఆశపడకండి. నేను కోయలేదు కాబట్టే డిస్ప్యూట్ వేయగలిగాను.

కాగితాల పని కూడా ఉంది, దాని గురించి షాపు వాళ్లు ఒక్క ముక్క చెప్పలేదు. ఇలాంటి మార్పు మేజర్ ఛేంజ్ కిందికి వస్తే, చాలా హోమ్‌బిల్ట్‌ల (సొంతంగా కట్టుకున్న విమానాల) ఆపరేటింగ్ లిమిటేషన్స్, అంటే నడపడానికి పెట్టిన షరతుల ప్రకారం ఎఫ్‌ఏఏ (అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ) స్థానిక ఆఫీసుకు తెలియజేయాలి, మళ్లీ కనీసం 5 గంటలు టెస్ట్ ఫ్లైట్లు చేయాలి. ఆ గంటల్లో పాసింజర్‌ని ఎక్కించుకోకూడదు. విమానం మీరు కట్టలేదు, కొన్నారంటే కట్టినాయన రిపేర్‌మ్యాన్ సర్టిఫికెట్ (ఏటా తనిఖీ తానే చేసి సంతకం పెట్టే అర్హత) మీకు రాదు. ఏటేటా కండిషన్ ఇన్‌స్పెక్షన్‌కి మెకానిక్ సంతకం గానీ, ఆ కట్టినాయన సంతకం గానీ కావాల్సిందే, సంతకం పెట్టేవాడు ఈ క్యానపీని చూసి సంతకం పెడతాడా అన్నది ముందే అడిగి తెలుసుకోండి.

బబుల్ గొడవ తేలేలోపు ఆ కౌన్సెలర్ గారి సలహాతో సీటు మార్చాను. పాత లావు కుషన్ తీసేసి, నెమ్మదిగా అణిగే ఎనర్జీ అబ్సార్బింగ్ ఫోమ్ పల్చగా వేయించి, సీటు వీపును కొంచెం వెనక్కి వాల్చాం. బబుల్ ఇచ్చే అంగుళం కంటే ఎక్కువే దొరికింది, ఖర్చు దాంట్లో పదో వంతు కూడా కాలేదు. కుషన్ మొత్తానికే పీకేయకండి, గట్టిగా నేలకు తగిలితే దెబ్బ నేరుగా వెన్నుపూసకి. వీపు వాల్చాక భుజాల బెల్టు కోణమూ, మోకాళ్లకీ ప్యానెల్‌కీ మధ్య ఉన్న దూరమూ మళ్లీ చూసుకోవాలి. విమానం ఇంకా కొననివాళ్లయితే ఆర్‌వి-8లో (ఇదే కంపెనీ వాళ్ల ఇంకో రెండు సీట్ల విమానం) ఒకసారి కూర్చుని చూడండి, హెడ్‌సెట్ పెట్టుకుని మరీ.

మూడంగుళాల ఎత్తు, అదే 4.5 మిల్లీమీటర్ల హామీతో మీకూ ఎవరైనా కొటేషన్ పంపి ఉంటే నాకు మెసేజ్ పెట్టండి. ఇన్‌వాయిస్ కాపీ, గేజ్ ఫొటో రెండూ పంపిస్తాను, పక్కపక్కన పెట్టి చూసుకోవచ్చు.