ఫ్రెమాంట్ నుంచి జయాన్ దాకా: క్యాంపర్ వ్యాన్ ఫ్రిజ్‌తో పది రోజులు

గత ఆగస్టులో కాలిఫోర్నియాలోని ఫ్రెమాంట్ నుంచి బయలుదేరి యోసెమిటీ, 395వ నంబరు రహదారి, లాస్ వేగాస్ మీదుగా యూటా రాష్ట్రంలోని జయాన్ నేషనల్ పార్కు దాకా వెళ్ళి వచ్చాము. ఎవరో వాడి అమ్మిన క్యాంపర్ వ్యాన్‌ను కొన్న తరువాత అంత దూరం ప్రయాణించడం అదే మొదటిసారి. పిల్లలు కొండలనూ లోయలనూ చూస్తుంటే నేను మాత్రం ప్రతి మజిలీలోనూ ముందు ఫ్రిజ్ లోపలి థర్మామీటరునే చూసుకున్నాను. ఎందుకంటే అందులో రెండు డబ్బాల పెరుగు, నాలుగు రోజులకు సరిపడా దోసెల పిండి, పాలు, కూరగాయలు ఉన్నాయి. ఆవకాయకూ గోంగూర పచ్చడికీ ఫ్రిజ్‌తో పని లేదు కనుక వాటి గురించి దిగులు పడలేదు.

మాది కంప్రెసర్ లేని అబ్సార్ప్షన్ రకం ఫ్రిజ్. స్టాక్‌హోంలో ఫాన్ ప్లాటెన్, ముంటర్స్ అనే ఇద్దరు విద్యార్థులు 1922లో రూపొందించిన పద్ధతి అది. గొట్టాలలో అమోనియా, నీరు, హైడ్రోజన్ ఉంటాయి. అడుగున చిన్న గ్యాస్ మంటో కరెంటు హీటరో వేడి చేస్తే అమోనియా ఆవిరై పైకి వెళ్ళి, వెనుక ఉన్న రెక్కల కాయిల్‌లో వేడిని వదిలి ద్రవమై, లోపలి అరలలో మళ్ళీ ఆవిరవుతూ అక్కడి వేడిని లాక్కుంటుంది. కదిలే భాగం ఒక్కటీ లేదు, ద్రవమంతా తన బరువుతోనే కిందికి జారాలి. కాబట్టి బండి మట్టంగా ఉండకపోయినా, వెనుక కాయిల్ నుంచి వేడి బయటికి పోకపోయినా మీట ఎంత తిప్పినా ఫలితం ఉండదు. ఇలాంటి ఫ్రిజ్ చల్లబడటానికి దాదాపు ఒక రోజు పడుతుంది. నేను రెండు గంటల ముందు వెలిగించి, గోరువెచ్చని సామాను సర్దేశాను. తొలి తప్పు ఇంటి ముంగిట్లోనే జరిగిపోయింది.

మొదటి రెండు రాత్రులు యోసెమిటీలోని టువాలమీ మెడోస్‌లో గడిపాము. దాదాపు 8,600 అడుగుల ఎత్తు, ఆగస్టులోనూ రాత్రి స్వెటరు అవసరమయ్యే చలి. అయినా తెల్లవారేసరికి ఫ్రిజ్ 9 డిగ్రీల సెల్సియస్ చూపింది. ఆహారం పాడుకాకుండా ఉండాలంటే 4 దాటకూడదు. రసమట్టం పెట్టి చూస్తే బండి ఒక పక్కకు బాగా వాలి ఉంది. పక్కలకు 3 డిగ్రీలు, ముందు వెనుకలకు 6 డిగ్రీలకు మించి వాలకూడదన్నది ఈ రకం ఫ్రిజ్‌లకు మామూలుగా చెప్పే లెక్క. చక్రాల కింద దిమ్మెలు పెట్టి సరిచేశాక సాయంత్రానికి 6కు దిగింది. ఆ ఎత్తులో గాలి పలుచన కావడం వల్ల గ్యాస్ మంట బలహీనపడుతుంది, అక్కడ బండికి కరెంటు తగిలించుకునే హుకప్ లేదు. ప్రకృతిపరంగా ఆ చోటుకు సాటి లేదు. ఫ్రిజ్‌పరంగా మాత్రం రాత్రి చలే మమ్మల్ని కాపాడింది.

కిందికి దిగి ఓవెన్స్ లోయలోకి రాగానే ఎండ మొదలైంది, మధ్యాహ్నానికి ఫ్రిజ్ 11 డిగ్రీలకు ఎక్కింది. దారిలో ఒక ఊళ్ళోని వర్క్‌షాప్‌కు వెళ్ళాము. వారు ముందు వైపు మీటలు నొక్కి చూసి, సెన్సరు మార్చి, రెండు గంటల కూలీ తీసుకుని, చివరికి కూలింగ్ యూనిట్ అంతా పోయింది, కొత్తది వేయించుకోవాలని తేల్చారు. ఫ్రిజ్ వెనుకకు గాలి ఆడేందుకు వ్యాన్ బయటి వైపున ఉన్న వెంట్ మూత తీసి చూసిన వారే లేరు. నాకు డబ్బు పోయినందుకంటే ఆ మూత తీయనందుకే ఎక్కువ కష్టం వేసింది.

మరునాడు లోన్ పైన్‌లో మేము దిగిన ఆర్‌వీ పార్కు (ఇలాంటి బండ్లు ఆపుకుని బస చేసే చోటు) వారు, బండి దగ్గరికే వచ్చి పనిచేసే ఒక మెకానిక్‌ను పిలిపించారు. ఆయన మొట్టమొదట ఆ మూతే తీసి, టార్చి వేసి, కాయిల్‌కూ వ్యాన్ గోడకూ మధ్య బెత్తెడు ఖాళీ చూపించారు. అక్కడ అంగుళానికి మించి ఖాళీ ఉండకూడదట. కింది వెంట్ నుంచి లోపలికి వచ్చే గాలి కాయిల్ రెక్కలను తాకకుండా ఆ ఖాళీలోంచి తేలికగా పైకి పోతోంది, వేడి కాయిల్‌లోనే ఉండిపోతోంది. ఆయన అల్యూమినియం రేకును వంచి ఆ ఖాళీని మూసి, గాలి తప్పనిసరిగా రెక్కల మధ్య నుంచే వెళ్ళేలా దారి మళ్ళించారు. కింద మంట ఉంటుంది కనుక అక్కడ థర్మోకోల్ లాంటివి పెట్టకూడదని హెచ్చరించారు. పై వెంట్ దగ్గర కంప్యూటర్లలో వాడే 120 మిల్లీమీటర్ల ఫ్యాన్లు రెండు, వేడి 45 డిగ్రీల సెల్సియస్‌కు చేరగానే వాటంతట అవే తిరిగేలా ఒక స్విచ్ అమర్చారు. రెండూ కలిపి అర ఆంపియరు కూడా తినవు. బర్నర్ మీద రాలిన తుప్పు పొట్టు ఊదేసరికి పసుపు మంట నీలమైంది. ఆయనకు ఇచ్చింది వర్క్‌షాప్ కూలీలో సగం కూడా కాలేదు.

డెత్ వ్యాలీ జోలికి పోకుండా బార్‌స్టో మీదుగా చుట్టు తిరిగి వెళ్ళాము. బేకర్ ఊళ్ళో 134 అడుగుల థర్మామీటరు ఉంది. 1913లో డెత్ వ్యాలీలో నమోదైన 134 డిగ్రీల ఫారెన్‌హీట్‌కు గుర్తుగా కట్టినది. దాని కింద ఆగి చూస్తే మా ఫ్రిజ్ 6 డిగ్రీల దగ్గర నిలిచి ఉంది. బండి నడుస్తున్నప్పుడు వాడే 12 వోల్టుల హీటరు ఉన్న చలిని నిలపడానికే గాని కొత్తగా చల్లబరచడానికి చాలదు కనుక, ఆ అంకెను నేను గెలుపు కిందే లెక్కించాను.

లాస్ వేగాస్‌లో ఈత కొలను, కరెంటు, నీరు అన్నీ ఉన్న ఖరీదైన పార్కులో దిగాము. చెట్టన్నది లేదు, మాకిచ్చిన స్థలంలో ఫ్రిజ్ ఉన్న వైపు సరిగ్గా పడమటి ఎండకు తిరిగింది. వేరే స్థలం అడిగితే కుదరదన్నారు. సాయంత్రం అన్ని బండ్లలో ఏసీలు నడుస్తుంటే 120 ఉండవలసిన వోల్టేజి 104కు పడిపోయింది. హీటరు శక్తి వోల్టేజి వర్గాన్ని బట్టి మారుతుంది కనుక అందులో నాలుగో వంతు పోయినట్టే. హుకప్‌కు డబ్బు కట్టి మరీ గ్యాస్ మీదికి మార్చవలసి వచ్చింది, మార్చాకే ఫ్రిజ్ కుదుటపడింది. ఎండ వైపు వెంట్‌కు గాలి ఆడేలా ఎడంగా ఒక తెల్ల దుప్పటి కట్టాము.

జయాన్‌లోని వాచ్‌మన్ క్యాంప్‌గ్రౌండ్ ఈ పది రోజులలో అన్నిటికంటే నచ్చిన మజిలీ. మా స్థలం చదునుగా ఉంది, కాటన్‌వుడ్ చెట్ల నీడ ఉంది, వోల్టేజి 117 కంటే తగ్గలేదు. బయట 38 డిగ్రీలున్నా ఫ్రిజ్ 4 దాటలేదు. అక్కడ తోడుపెట్టిన పెరుగు మూడో రోజుకూ పులియలేదు. కరెంటు ఉన్న స్థలాలు చాలా ముందుగానే నిండిపోతాయి, తేదీలు ఖాయం కాగానే బుక్ చేసుకోవాలి.

తిరుగు ప్రయాణంలో ఫ్రిజ్ తలుపు సందులో కాగితం పెట్టి మూసి లాగి చూస్తే కింది మూల దగ్గర అది ఇట్టే జారి వచ్చింది. తలుపు అంచు రబ్బరు అక్కడ పట్టు వదిలిందన్న మాట, దాన్ని మార్చాలి. కంప్రెసర్ ఫ్రిజ్ వేయించుకొమ్మని మిత్రులు అంటున్నారు. దానికి మట్టం పట్టింపు అంతగా లేదు, ఎండకూ తొణకదు. కాని దానికి తగ్గ బ్యాటరీ, సౌర ఫలకాలు కలిపి లెక్క వేస్తే ఈ ఏడాదికి రబ్బరే నయమనిపించింది.