పచ్చలైటు వెలిగిందని నమ్మి కారు బ్యాటరీకి చార్జర్‌ను తగిలించి వదిలేయకండి

ఎక్కువ రోజులు కదలకుండా ఉండే కారు బ్యాటరీని కాపాడతాయంటూ ఆన్‌లైన్‌లో తక్కువ ధరకు అమ్ముతున్న ‘ఆటోమేటిక్’ చార్జర్లు కొన్ని పేరుకే ఆటోమేటిక్. అలాంటి చార్జర్ వల్ల ఏడాది కూడా నిండని నా 35 ఆంపియర్-అవర్ బ్యాటరీ పూర్తిగా పాడైంది, దాని వారంటీ కూడా చెల్లకుండా పోయింది. నాలాగే ఆఫీసుకు మెట్రోలో వెళ్తూ, కారును అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో ఉంచి, ఇలాంటి పరికరం కోసం వెతుకుతున్నవారు డబ్బు కట్టే ముందు ఈ వివరాలు చూడాలని కోరుతున్నాను.

ముందుగా ఒక మాట స్పష్టం చేయాలి. ఈ అవసరం కల్పితం కాదు. కారు తాళం వేసి ఉన్నా గడియారం, అలారం, రిమోట్ సంకేతం కోసం వేచి ఉండే సెంట్రల్ లాకింగ్, ఇంజిన్ కంప్యూటర్ మెమరీ కొద్దికొద్దిగా కరెంటు తీసుకుంటూనే ఉంటాయి. అది 25 మిల్లీఆంపియర్లే అనుకున్నా రోజుకు 0.6, నెలకు 18 ఆంపియర్-అవర్లు అవుతుంది. అంటే చిన్న కారు బ్యాటరీలో సగానికి పైగా ఖర్చైపోయినట్టే. దీనికి బ్యాటరీ తనంతట తాను కోల్పోయే చార్జ్ తోడవుతుంది, మన ఎండాకాలంలో ఆ నష్టం మరింత వేగంగా జరుగుతుంది. కొన్ని గంటలు కదిలించకుండా ఉంచి కొలిచినప్పుడు 12.6 వోల్టులు చూపే బ్యాటరీ నిండుగా ఉన్నట్టు, 12.2 చూపితే సగానికి వచ్చినట్టు. ఆ స్థితిలో వారాల తరబడి వదిలేస్తే ప్లేట్లపై లెడ్ సల్ఫేట్ స్ఫటికాలు గట్టిపడి, తర్వాత ఎంత చార్జ్ చేసినా పూర్వపు సామర్థ్యం తిరిగి రాదు. అందుకే నెలల తరబడి తగిలించి ఉంచగలిగే మెయింటెనర్ చార్జర్లు వచ్చాయి, వాటిలో మంచివి నిజంగానే బాగా పనిచేస్తాయి.

మంచి మెయింటెనర్ చేసే పని ఏమిటో తెలిస్తేనే ఇక్కడ జరిగిన మోసం అర్థమవుతుంది. అది మొదట సుమారు 14.4 వోల్టుల వరకు తీసుకువెళ్లి బ్యాటరీని నింపుతుంది. నిండిన తర్వాత వోల్టేజీని 13.5 ప్రాంతానికి తగ్గించి, పోయిన కాస్త చార్జ్‌ను మాత్రమే భర్తీ చేస్తూ ఉంటుంది. ఈ రెండో దశనే ఫ్లోట్ అంటారు. ఇది లేని చార్జర్‌ను గంటల లెక్కన వాడి తీసేయవచ్చు గానీ తగిలించి వదిలేయకూడదు. నేను కొన్న దాని పెట్టె మీద ‘ఏడు దశల చార్జింగ్’, ‘ఫ్లోట్ మోడ్’, ‘నెలల తరబడి కనెక్ట్ చేసి ఉంచవచ్చు’ అని స్పష్టంగా అచ్చు వేసి ఉంది, నేను వాడినది కూడా ఆ సూచనల ప్రకారమే.

కొంతకాలానికి బోనెట్ ఎత్తగానే కుళ్లిన గుడ్ల వాసన వచ్చింది. బ్యాటరీ పక్కలు ఉబ్బి ఉన్నాయి, మూతలు తీసి చూస్తే నీటి మట్టం ప్లేట్ల కంటే కిందికి దిగింది. చార్జర్ మీద మాత్రం పచ్చలైటు నిశ్చింతగా వెలుగుతూనే ఉంది! టెర్మినల్స్ మీద మల్టీమీటర్ పెడితే 15.3 వోల్టులు చూపింది. చార్జర్‌ను విప్పి చూసిన ఎలక్ట్రానిక్స్ మెకానిక్ వివరించిన ప్రకారం, అందులో వోల్టేజీని తగ్గించే ఏర్పాటే లేదు. బ్యాటరీ నిండేకొద్దీ అది తీసుకునే కరెంటు సహజంగానే తగ్గుతుంది కాబట్టి, కరెంటు ఒక స్థాయికి పడిపోగానే లైటు రంగు మారేలా మాత్రం అమర్చారు. అంటే లోపల బ్యాటరీ ఉడుకుతున్నంతసేపూ బయట ‘పని పూర్తయింది’ అని కనిపిస్తుంది.

ఇది కేవలం డబ్బు నష్టంతో పోయే విషయం కాదు. నిండిన బ్యాటరీకి అధిక వోల్టేజీ ఇస్తూ పోతే అందులోని నీరు హైడ్రోజన్‌గా, ఆక్సిజన్‌గా విడిపోతుంది. గాలిలో హైడ్రోజన్ 4 శాతానికి చేరితే చిన్న నిప్పురవ్వకైనా అంటుకుంటుంది. గాలి సరిగా ఆడని సెల్లార్‌లో, పక్కనే పది ఇతర కార్లు ఉన్నచోట, ఎవరూ చూడకుండా నడుస్తున్న చార్జర్ విషయంలో ఇది తేలిగ్గా తీసుకోదగిన ప్రమాదం కాదు.

అమ్మకందారు రిటర్న్ గడువు ముగిసిందని ఒకే వాక్యంతో చేతులు దులుపుకున్నాడు. ఈ లోపం బయటపడేసరికి ఎవరికైనా ఆ గడువు ముగిసే ఉంటుందని వేరే చెప్పనక్కరలేదు. బ్యాటరీ దుకాణంలో పరీక్షించి, ఇది ఓవర్‌చార్జింగ్ వల్ల జరిగిన నష్టమని, తయారీ లోపం కాదు కాబట్టి వారంటీ వర్తించదని చెప్పారు. వారి మాటలో తప్పు పట్టలేను. పాత బ్యాటరీకి ఇచ్చే ఎక్స్‌చేంజ్ ధర తగ్గించుకొని కొత్తది కొనవలసి వచ్చింది.

కాబట్టి ఇలాంటి చార్జర్ ఇప్పటికే కొన్నవారు రిటర్న్ గడువు లోపలే ఒక పరీక్ష చేయాలి. బ్యాటరీ నిండి పచ్చలైటు వచ్చాక మరి కొన్ని గంటలు ఆగి, చార్జర్ నడుస్తుండగానే టెర్మినల్స్ దగ్గర వోల్టేజీ కొలవండి. అది 13.8 దాటి అక్కడే నిలబడితే ఆ వస్తువును తిరిగి పంపేయండి. మరో లోపం మన ఊళ్లలో ప్రత్యేకంగా చూసుకోవాలి: కరెంటు పోయినప్పుడు కొన్ని చార్జర్లు బ్యాటరీ నుంచే ఎదురు కరెంటు లాగుతాయి, మరికొన్ని కరెంటు తిరిగి వచ్చినా బటన్ నొక్కేదాకా మొదలు కావు. ప్లగ్ తీసి, కాసేపాగి, మళ్లీ పెట్టి చూస్తే రెండో సంగతి వెంటనే తెలిసిపోతుంది.

చార్జరే అక్కర్లేని వారు కూడా చాలామంది ఉంటారు. వారానికి ఒకసారి కనీసం అరగంట రోడ్డు మీద నడిపితే ఆరోగ్యంగా ఉన్న బ్యాటరీకి సాధారణంగా సరిపోతుంది. సెల్లార్‌లోనే సెల్ఫ్ కొట్టి ఐదు నిమిషాలు ఇంజిన్‌ను ఆన్‌లో ఉంచడం మాత్రం దాదాపు నిష్ప్రయోజనం. ఐడిల్ వేగంలో ఆల్టర్నేటర్ (ఇంజిన్ తిరిగేటప్పుడు బ్యాటరీని చార్జ్ చేసే భాగం) ఇచ్చేది తక్కువ, ఏసీ కూడా వేస్తే ఇంకా తక్కువ. నెలల పాటు ఊరికి వెళ్లేవారు బ్యాటరీని నిండుగా చార్జ్ చేయించి నెగటివ్ టెర్మినల్‌ను విప్పి వెళ్లవచ్చు. చాలా చిన్న కార్లకు దానికి పది నంబరు స్పానర్ చాలు. అప్పుడు రిమోట్ పనిచేయదు కనుక తాళంచెవిని దగ్గర ఉంచుకోవాలి, తిరిగి బిగించాక గడియారం, కొన్ని కార్లలో కిటికీ అద్దాల ఆటో సెట్టింగ్ మళ్లీ సరిచేసుకోవాలి. డ్యాష్‌బోర్డు మీద పెట్టే చిన్న సోలార్ ప్యానెళ్లను కూడా ఇదే పేజీల్లో అమ్ముతున్నారు. ఎండ సోకని సెల్లార్‌లో అవి ఎందుకూ పనికిరావు, పైగా చాలా కార్లలో తాళంచెవిని బయటకు తీయగానే, వాటిని తగిలించే సిగరెట్ లైటర్ సాకెట్‌కు బ్యాటరీతో సంబంధం తెగిపోతుంది.

ఇప్పటికే నష్టపోయినవారు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేయవచ్చు. ఈ-కామర్స్ నిబంధనలు, 2020 ప్రకారం వెబ్‌సైటు ఫిర్యాదుల అధికారి 48 గంటల్లో ఫిర్యాదు అందినట్టు తెలపాలి, నెలలోగా పరిష్కరించాలి. అక్కడ తేలకపోతే 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం కింద మీరు నివసించే జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే రెండేళ్ల లోపు కేసు వేయవచ్చు. చెల్లించిన మొత్తం ఐదు లక్షల లోపు ఉంటే రుసుము కూడా లేదు. మీటర్ అంకె, పచ్చలైటు, చార్జర్ సీరియల్ నంబరు ఒకే వీడియోలో కనిపించేలా తీయండి, అమ్మకపు పేజీని కూడా స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి, ఎందుకంటే నేను ఫిర్యాదు చేసిన తర్వాత ఆ పేజీలో ‘ఫ్లోట్ మోడ్’ అన్న మాట మాయమైంది.

అదే పరికరం ఇప్పుడు వేరే బ్రాండ్ పేర్లతోనూ కనిపిస్తోంది, కనుక పేరు చూసి గుర్తుపట్టడం కష్టం. లేబుల్ మీద అవుట్‌పుట్‌గా ఒకే వోల్టేజీ అచ్చువేసి, ఫ్లోట్ వోల్టేజీ ఎంతో అంకెల్లో చెప్పని చార్జర్‌ను, దానికి ఎన్ని స్టార్ల రేటింగ్ ఉన్నా, కొనకండి. నా పెట్టెలో ఐదు స్టార్లు ఇస్తే క్యాష్‌బ్యాక్ పంపుతామన్న చీటీ కూడా ఉంది.