ఫాంటసీ ఇతిహాసంలో మిత్రబృందం: కలిపి నడపాలా, విడగొట్టాలా?

బెంగళూరు మెట్రోలో వైట్‌ఫీల్డ్ నుంచి మెజెస్టిక్ దాకా ఫోన్‌లో రోజుకో భాగం చదివే తెలుగువాళ్ల కోసం ఫాంటసీ సీరియల్ రాస్తున్నారనుకోండి. ఆరుగురు మిత్రులు అడవి దాటారు. ఇక్కడ వాళ్లను విడగొట్టాలా?

కలిసి నడిస్తే కథలో తిరనాళ్ల సందడి ఉంటుంది. ఎత్తిపొడుపులు, పొయ్యి దగ్గర పోట్లాటలు. చిక్కల్లా, పక్కన ఐదుగురుంటే చీకటి గుహ కూడా భయపెట్టదు. పైగా ఆరుగురున్న సన్నివేశంలో మాట్లాడేది ఇద్దరో ముగ్గురో, మిగతావాళ్లు స్తంభాలే. వాళ్ల చేతికి ఏదో పని ఇవ్వాలి: ఒకరికి కాపలా, ఒకరికి గుర్రం నాడా.

విడగొడితే కథ రంగే మారుతుంది. టోల్కీన్ ఫాంటసీ నవల 'ది లార్డ్ ఆఫ్ ది రింగ్స్'లో తొమ్మిదిమంది బృందం చెదిరాక, 1954లో వచ్చిన రెండో సంపుటం మొదటి సగమంతా గుర్రాలు, కోటలు, యుద్ధాలు. రెండో సగం ఆ బృందంలోంచి విడిపోయిన ఫ్రోడో, శామ్‌లది: బురద, ఆకలి, నమ్మడానికి వీల్లేని దారిచూపరి. ఫ్రోడో శత్రువుల చేతికి చిక్కడంతో ఆ సగం ఆగిపోతుంది. మూడో సంపుటంలో శత్రురాజ్యపు నల్లద్వారం ముందు, ఫ్రోడో తొడుక్కున్న మిథ్రిల్ (వెండిలాంటి లోహం) కవచాన్ని శత్రుదూత పైకెత్తి చూపిస్తాడు. శామ్ ఫ్రోడోను విడిపించిన సంగతి మనకింకా తెలియదు. అక్కడ నిలబడ్డ ఫ్రోడో మిత్రుల గుండె ఎంత జారిందో మనదీ అంతే. అధ్యాయం మార్చి అధ్యాయం రెండు కథలూ అల్లి, విడుదల ముందే చెప్పేసి ఉంటే ఆ కవచం ఎవర్నీ కదిలించేది కాదు.

అయితే అది పుస్తకంలో చెల్లింది. సీరియల్‌లో పది భాగాలు కథలో ఒకే పాయ నడిపితే, రెండో పాయలో గాయం ఎవరి భుజానికో పాఠకుడు మరిచిపోతాడు. రెండేసి భాగాలకు పాయ మార్చండి. మూడో పాయ వద్దు. మార్చినప్పుడల్లా మొదటి రెండు వాక్యాల్లోనే చోటు, పొద్దు, ఎవరున్నారో తెలిసిపోవాలి. తిథుల పట్టిక ఒకటి రాసి పెట్టుకోండి. ఇక్కడ పిండారబోసినట్టు వెన్నెల, అదే రాత్రి అక్కడ అమావాస్య చీకటి అయితే దొరికిపోయినట్టే!

మొదటిసారి రాసేవాళ్లకు కిష్కింధకాండ పద్ధతే మేలు. సుగ్రీవుడు నెల గడువు పెట్టి నాలుగు దిక్కులకూ వానరుల్ని పంపుతాడు, కథ మాత్రం దక్షిణానికి వెళ్లిన అంగదుడు, హనుమంతుల వెంటే నడుస్తుంది. మిగతా మూడు దళాలు వట్టి చేతులతో తిరిగొచ్చాయని నాలుగు ముక్కల్లో తేల్చేస్తారు. ఇక్కడేమో గడువు దాటిందన్న భయం అంగదుణ్ణి ప్రాయోపవేశం (తిండి మానేసి చావుకు సిద్ధపడటం) దాకా తీసుకెళ్తుంది. విడిపోవడం వల్ల వచ్చే దిగులు దక్కుతుంది, లెక్క చూసుకోవాల్సిన పాయ ఒక్కటే.

ఏ పద్ధతైనా సరే, నవ్వించేవాళ్లిద్దర్నీ ఒకే దారిన పంపకండి. ఒకణ్ణి అందరికంటే ముభావంగా ఉండేవాడితో జత చేయండి. అతని జోకుకు నవ్వేవాళ్లు లేరన్న సంగతి మూడో భాగానికల్లా పాఠకుడికే తడుతుంది.