యోధా 2.0 కొత్త ఇంజిన్, కోనసీమలో రన్నింగ్ ఇన్

మా వైపు పికప్ అంటే బొలెరోనేనండి, అరటి గెలలకైనా కొబ్బరికాయలకైనా అదే, అందుకే టాటా యోధా 2.0 తీసుకున్నాక రావులపాలెం మార్కెట్లో ఎవరు కనపడినా అడిగేది ఒకటే, "లాగుద్దాండీ?" అని. ఇంకా రన్నింగ్ ఇన్‌లోనే ఉంది, అంటే కొత్త ఇంజిన్ లోపల భాగాలు ఒకదానికొకటి సర్దుకునే మొదటి రోజులన్నమాట, ఫుల్ లోడు వెయ్యలేదు, కాబట్టి ఇప్పుడు ఇంజిన్ సంగతే చెప్తాను, బాడీ, సీట్లు తర్వాత.

2.2 లీటర్ డీజిల్, 100 హెచ్‌పీ, 250 ఎన్‌ఎం టార్క్, అంటే లాగే బలం. ఇందులో నాకు పనికొచ్చేది హెచ్‌పీ కాదు, ఆ 250 అనేది 1000 ఆర్‌పీఎం నుంచే దొరికి 2500 దాకా ఉంటుంది చూడండి, అదీ. మార్కెట్ రద్దీలో సెకండ్ గేర్లో కాలు తీసేసినా బండి నిమ్మళంగా పోతూనే ఉంటుంది, ఊరికే క్లచ్ తొక్కే పని లేదు.

కొత్తది కదా, బిగుతు తెలుస్తుంది. యాక్సిలరేటర్ వదిలితే టక్కున స్లో అయిపోద్ది, పొద్దున్నే స్టార్ట్ చేస్తే చప్పుడు గరుగ్గా ఉండి వేడెక్కాక సర్దుకుంటుంది. ఏ కొత్త డీజిల్ అయినా ఇంతే, పిస్టన్ చుట్టూ ఉండే రింగులు ఇంకా సెట్ అవ్వలేదు. సిలిండర్ గోడల మీద ఫ్యాక్టరీలోనే సన్నటి అడ్డగీతలు గీసి పంపుతారు, రింగులు వాటి మీద అరిగి గోడకి అతకాలి, అలా అతకాలంటే లోపలి గ్యాస్ ప్రెజర్ వాటిని గోడకేసి నొక్కాలి, ఆ ప్రెజర్ రావాలంటే ఇంజిన్ మీద కాస్త బరువు పడాలి. అందుకే "మొదట్లో ఖాళీగా మెల్లగా తోలు" అనే సలహా సగమే కరెక్టు. ఎంతసేపూ ఖాళీ బండి ఒకే స్పీడులో తోలితే గోడలు అద్దంలా నున్నగా అయిపోయి తర్వాత ఆయిల్ తాగుడు మొదలవుద్ది. ఏసీ కోసం గంటలు గంటలు బండి ఆపి ఇంజిన్ ఆన్‌లో ఉంచడం అంతకన్నా దరిద్రం.

మన దగ్గర ఇబ్బంది ఏంటంటే నేలంతా బల్లపరుపు, ఎత్తు అంటే వంతెన ఎక్కడమే, కాలవ గట్టున పడ్డామంటే టాప్ గేర్లో ఒకటే స్పీడు. అందుకని 216 హైవే మీద కావాలనే మారుస్తూ తోలుతున్నాను, కాసేపు 40, కాసేపు 60, మధ్యలో థర్డ్‌కి దిగి మళ్ళీ పైకి, వెనకాలోడు హారన్ కొడితే కొట్టనీండి. సగం లోడుతో చించినాడ వంతెన, ఎదుర్లంక వంతెన ఎక్కించాను, ఫోర్త్‌లోనే మూలగకుండా ఎక్కేసింది, నాకు అక్కడ నచ్చింది ఈ ఇంజిన్. అలాగని 1000 దగ్గరే టార్క్ ఉంది కదా అని టాప్ గేర్లో ఉంచి కాలు నొక్కేయకండి, కొత్త బేరింగుల మీద పడుద్ది ఆ బరువంతా, ఒక గేరు దించితే పోయేదేముంది.

రాజమండ్రిలో ఒక షాపాయన ఆయిల్లో కలిపే డబ్బా ఒకటి అంటగట్టబోయాడు, "ఇంజిన్ తొందరగా ఫ్రీ అవుద్ది బాబాయ్" అని. రింగులు అతకడానికి రాపిడి కావాలిరా నాయనా, దాన్ని ఇంకా జారుడు చేస్తే ఎలా? కంపెనీ బుక్‌లో చెప్పిన గ్రేడు ఆయిల్ చాలు, ఫస్ట్ సర్వీస్ టైముకి చేయించుకోండి, మధ్యమధ్యలో గేజ్ పుల్ల తీసి ఆయిల్ లెవల్ చూసుకోండి, కొత్తలో కాస్త తగ్గడం మామూలే.

మైలేజ్ ఎంత అని అడక్కండి, బిగుతు వదలకముందు చెప్పే నంబరుకి విలువ లేదు. నేనైతే యానాం కిరాయి పడినప్పుడల్లా అక్కడ డీజిల్ చవక కాబట్టి ట్యాంక్ నింపేస్తున్నాను, లెక్కలు తర్వాత.

రొయ్యల మేత, కొబ్బరి లాంటి రెండు టన్నుల లోడు రోజూ వేసేవాళ్ళు దీన్ని చూడొచ్చు. ఉన్న బొలెరో బాగానే నడుస్తుంటే అమ్మేసి మరీ కొనక్కర్లేదు. కడియం నుంచి పూల మొక్కలు తోలేవాళ్ళకి ఇంత ఇంజిన్ దేనికండీ, చిన్న బండి టాటా ఏస్ చాలు.